బొడ్డు ఊడకముందు

విశాఖపట్నం,
12-7-1999

అత్తకి స్వర్ణ నమస్కారాలు.

నేను ఉత్తరాలు మరిచిపోయానని నాన్న దగ్గర నిష్ఠూరమాడావట. నిజమే. ల్యాబ్‌లో చేరి ఆరు నెలలైంది, నీకు రెండు కార్డుముక్కలు తప్ప రాయలేదు. పొద్దున ఎనిమిదికి వెళ్తే సాయంత్రం ఆరుకి బయటపడతాను. హాస్టల్‌కి వచ్చి కంచం ముందు కూర్చుంటే నిద్ర ముంచుకొస్తుంది. నన్ను చదివించినదానివి నువ్వు. నీకే రాయకపోతే ఇంకెవరికి రాస్తానని నన్ను నేనే తిట్టుకుని ఈ రోజు కూర్చున్నాను.

నన్ను ఇప్పుడు పసిపిల్లల వార్డుకి వేశారు. పుట్టి పది రోజులు కూడా కానివాళ్ళు. రక్తంలో క్రిమి చేరితే వీళ్ళకి జ్వరం కూడా సరిగా రాదు అత్తా. పాలు మానేస్తారు, కాళ్ళు చల్లబడతాయి, మర్నాటికి ఉండరు. క్రిమి ఉందని ఖాయంగా తేలాలంటే రక్తాన్ని కల్చర్ చేయాలి. దానికి మూడు రోజులు పడుతుంది, బిడ్డ అంతదాకా ఆగదు. అందుకని మా డాక్టర్ నీలవేణి గారు సి.ఆర్.పి. అని ఒక పరీక్ష చేయిస్తున్నారు. ఒంట్లో క్రిమి పడితే కాలేయం ఒక పదార్థాన్ని రక్తంలోకి వదులుతుంది. అది ఉందో లేదో రెండు నిమిషాల్లో తెలుస్తుంది. నల్ల పలక మీద ఒక బొట్టు రక్తపు నీరు, ఒక బొట్టు మందు వేసి పుల్లతో కలిపి ఊపాలి. పాలు విరిగినట్టు గింజలు కడితే ఉన్నట్టు. గింజలు కట్టకుండా పాలలాగే తేటగా ఉంటే లేనట్టు.

ఆవిడకి నీ సంగతి చెప్పాను. ఇరవై మూడేళ్ళుగా కొండ ఊళ్ళల్లో నర్సమ్మవని, మలేరియాకి వేళ్ళు పొడిచీ పొడిచీ నీ చేయి మా అందరి చేతులకన్నా నమ్మకమని గొప్పగా చెప్పాను. కరెంటు లేని చోట కూడా ఈ పరీక్ష పనికొస్తుందేమో చూద్దామని, ఒక పెట్టె పంపుతానని అన్నారు. మడమ పక్కన పొడిస్తే నాలుగు చుక్కలు వస్తాయి. సన్న గొట్టంలో నిలబెడితే పైకి పసుపు నీరు తేరుతుంది. మాకే ఒక్కోసారి చాలదు, నీకు ఇంకా కష్టమవుతుంది. అయినా చేసి పెట్టత్తా. ఎంత తొందరగా పట్టుకుంటే అంత మంచిది, అదొక్కటే గుర్తుపెట్టుకో.

నీ
స్వర్ణ

జోడిపుట్టు,
3-8-1999

స్వర్ణకి అత్త దీవెనలు.

అందరూ క్షేమమని మొదలుపెట్టాలి కాబట్టి, నా మోకాళ్ళు తప్ప అందరూ క్షేమం. నీ ఉత్తరం తపాలా మల్లేశు సంత రోజున తెచ్చిచ్చాడు. నన్ను గొప్పగా పొగిడావు. పొగిడిన ప్రతిసారీ నాకు ఒక పని పెరుగుతుందని నీ చిన్నప్పటినుంచీ చూస్తున్నాను.

ఈ నెలలో మలేరియా పరీక్షకి రక్తపు పూతలు నూట ఎనభై తీశాను. ఫలితాలు కింది నుంచి ఇరవై రోజులకి వస్తాయి. అప్పటికి కొందరు లేచి పొలానికి పోయుంటారు, కొందరు అసలు ఉండరు. ఇదీ నా ఉద్యోగం. రిటైరవడానికి నాకింక నాలుగేళ్ళుంది. ఏడు ఊళ్ళు నడవాలి, చెప్పులు నెలకో జత అరుగుతున్నాయి. కొత్త పని అంటే ఇప్పుడు నాకు కూడు కూడా సహించదు.

పసిబిడ్డ పాలు మానేస్తే నాకు పలక అక్కర్లేదమ్మా. గుమ్మంలోంచి చూస్తే తెలుస్తుంది. తెలిసి ఏం లాభం? నేను చూసేసరికే మూడో రోజు దాటుతుంది. పోయిన ఏడాది నా ఊళ్ళల్లో పదో రోజు చూడకుండా ఐదుగురు పోయారు. ఒక్కొక్కరికీ ఒక రోజు ముందు తెలిసుంటే జీపు మాట్లాడి పాడేరు ఆసుపత్రికి చేర్చేదాన్ని. ఆ ఒక్క రోజు కోసం నీ పెట్టె పంపు, చూస్తాను.

కానీ ఒక చిక్కుంది. ఇక్కడ బొడ్డు ఊడేదాకా బిడ్డ గడప దాటకూడదు, ఒంటికి ఇనుము తగలకూడదు. బొడ్డు ఊడేది ఏడో రోజో తొమ్మిదో రోజో. నా ఊళ్ళల్లో సగానికి పైగా కాన్పులు చేసేది కనక అనే ముసలామె. నాకన్నా పదేళ్ళు పెద్ద, నాకన్నా గట్టిది. నీ పరీక్ష సంగతి చెబితే చుట్ట నోట్లోంచి తీయకుండానే అంది, "బొడ్డు ఊడకుండా సూది ఎయ్యడమేటి? మీ గవర్నమెంటోళ్ళకి పనేటీ నేదా?" అని. ఆమెని దాటి ఈ కొండ మీద ఎవరూ పుట్టరు. ఏదో దారి చూడాలి.

రాత్రి అన్నం తిని పడుకో. కంచం ముందు నిద్రపోకు.

అత్త
కృపావతి

విశాఖపట్నం,
24-8-1999

అత్తకి,

హడావిడిలో రాస్తున్నాను, తప్పుగా అనుకోకు. పెట్టె బస్సు కండక్టర్ చేతికిచ్చాను. మందు సీసా చల్లగా ఉండాలి కానీ గడ్డకట్టకూడదు. మండల కేంద్రం ఆసుపత్రి ఫ్రిజ్‌లో పెట్టించు, కాన్పు ఉన్న ఊరికి వెళ్ళేటప్పుడు టీకాల ఐసు డబ్బాలో తీసుకెళ్ళు. ప్రతి బిడ్డకీ పేరు, తేదీ, ఉంది లేదు అని ఒక కాగితం మీద రాసి నెలకోసారి పంపితే చాలు. డాక్టర్ గారు అడుగుతున్నారు.

కనకమ్మని నువ్వు ఒప్పించగలవు. ఇదివరకు ఎంతమందిని ఒప్పించలేదు?

స్వర్ణ

జోడిపుట్టు,
10-10-1999

స్వర్ణకి,

పెట్టె పదిలంగా చేరింది. కాగితం దీనితో పంపుతున్నాను. తొమ్మిది మంది పిల్లలు, తొమ్మిదికి తొమ్మిదీ పాలలా తేటగా ఉన్నాయి. తొమ్మిది మందీ బతికే ఉన్నారు. గట్టిగా అనకూడదు గానీ నాకు కాస్త ధైర్యం వచ్చింది.

రక్తం కష్టమన్నావు చూడు, కష్టమేం లేదు. కావలసినంత వస్తోంది. నేనూ కనకా ఒక ఒప్పందానికి వచ్చాం. ఎలాగని అడక్కు. నువ్వు సెలవులకి వచ్చినప్పుడు చూపిస్తాను, మీ వార్డులో చదువుకున్నవాళ్ళకి కూడా తట్టని దారి. బిడ్డ ఏడవనైనా ఏడవదు. ఆలస్యం కూడా లేదు. నువ్వు తొందర తొందర అన్నావు కదా, ఇంతకన్నా తొందరగా ఎవరూ చేయలేరు. కనక ఇప్పుడు తనే పలక ఊపుతానంటోంది. రెండు నిమిషాలు లెక్కపెట్టడం రాక, లోపల ఒక పాట పాడుకుని, పాట అయ్యేసరికి ఆపుతుంది. గడియారంతో చూశాను, సరిగ్గా సరిపోతోంది.

కనక కోడలు గంగ ఇప్పుడు ఏడో నెల. పోయిన ఏడాది పోయిన ఐదుగురిలో ఒకరు గంగ బిడ్డే. ఆ పిల్ల నన్ను చూసినప్పుడల్లా ఏదో అడగబోయి ఆగిపోతుంది. నిన్న అడిగింది, "నా గుంటడికి కూడా ఆ పలక ఏత్తావా?" అని. గుంటడే అని ఎలా తెలుసే అంటే నవ్వింది. తప్పకుండా వేస్తానన్నాను. దాని మొగుడు మంగ్లు కాఫీ తోటల్లో పనికి పోతాడు, నెమ్మదైన మనిషి.

మోకాళ్ళకి నువ్వు పంపిన తైలం వాసనకి కుక్కలు దగ్గరికి రావడం లేదు. అదీ లాభమే.

అత్త

విశాఖపట్నం,
5-11-1999

అత్తకి,

నీ కాగితం చూసి డాక్టర్ గారు ఎంత సంతోషించారో చెప్పలేను. మా దగ్గర సగం నమూనాలు రక్తం చాలక పాడవుతాయి. నీవి ఒక్కటీ పోలేదు. అది నీ చేతి చలవ అని అందరికీ చెప్పాను. నీ దారి ఏమిటో నువ్వే వచ్చి మాకు నేర్పాలి.

ఆవిడ ఒక మాట చెప్పమన్నారు. ఈ పరీక్ష అసలు లాభం ఉన్నది పట్టుకోవడం ఒకటే కాదట, లేనివాళ్ళని వదిలేయడం కూడానట. పలక తేటగా ఉంటే అనవసరంగా సూదులు వేయక్కర్లేదు, పేదవాళ్ళని జీపులెక్కించి ఘాటీ రోడ్డు దింపక్కర్లేదు. నువ్వు ప్రతి చిన్నదానికీ కంగారుపడి ఎన్నిసార్లు పాడేరు పరుగెత్తావో నాకు తెలుసు. ఇంక నీ కాళ్ళకి కాస్త విశ్రాంతి.

గంగకి నేను అడిగానని చెప్పు.

నీ
స్వర్ణ

జోడిపుట్టు,
28-12-1999

స్వర్ణకి,

గంగ బిడ్డ పోయాడు.

పదకొండో తారీకు తెల్లవారి పుట్టాడు. గంగ అన్నట్టు మగపిల్లాడే. గట్టిగా ఏడ్చాడు. గంట తిరక్కుండా పలక వేశాను. కనక ఊపింది. పాలలా తేటగా ఉంది. నేను నలుగురిలో, భయం లేదు, ఒంట్లో ఏ క్రిమీ లేదు అని చెప్పాను. గంగ గోడకి చేరగిలబడి ఏడ్చింది, సంతోషంతోనే.

మూడో రోజు పొద్దున చూడ్డానికి వెళ్ళాను. బిడ్డ రొమ్ము పట్టుకుని వదిలేస్తున్నాడు. పాదాలు ముట్టుకుంటే చల్లగా ఉన్నాయి. నాకు తెలిసిపోయింది స్వర్ణా. గుమ్మంలోంచే తెలిసిపోయింది. జీపు తెమ్మని నోటిదాకా వచ్చింది. మంగ్లు నా మొహం చూసి, "పలక ఏటి సెప్పింది నర్సమ్మా?" అన్నాడు. పలక బాగానే చెప్పింది అన్నాను. "మరింకేటి" అన్నాడు. నేను కూడా మరింకేమిటి అనుకున్నాను. చలి ఎక్కువగా ఉంది, అందుకే చల్లబడ్డాడేమో అనుకున్నాను. నువ్వు రాసిన మాటలు గుర్తొచ్చాయి, అనవసరంగా పేదవాళ్ళని ఘాటీ దింపొద్దని. సాయంత్రందాకా చూద్దామన్నాను. సాయంత్రం పొద్దుటిదాకా చూద్దామన్నాను. పొద్దుటికి లేడు.

ఇరవై మూడేళ్ళు నా కళ్ళు నమ్ముకుని బతికాను. ఒక్క రోజు వాటిని కాదని నీ పలకని నమ్మాను. నీ పరీక్ష అబద్ధం చెప్పింది. పెట్టెలో మిగిలిన మందు, పలకలు మల్లేశు చేత పంపించేస్తున్నాను. నాకు మళ్ళీ పంపకు.

అత్త

విశాఖపట్నం,
12-1-2000

అత్తకి,

ఉత్తరం చదివి ఆ రోజంతా పని చేయలేకపోయాను. గంగ గురించి నాకూ చాలా బాధగా ఉంది.

కానీ పరీక్ష అబద్ధం చెప్పింది అనేముందు కొన్ని సంగతులు తేలాలి. డాక్టర్ గారు కూడా ఇవే అడిగారు. మందు సీసా ఐసుకి తగిలి గడ్డకట్టిందా? ఆ రోజు ఐసు డబ్బా ఎంతసేపు మోశావు? పెట్టెలో రెండు చిన్న సీసాలుంటాయి, ఒకటి తప్పకుండా విరగాలి, ఒకటి విరక్కూడదు. పరీక్ష చేసే ముందు వాటిని వేసి చూశావా? రెండు నిమిషాలు గడియారంతో చూశావా, కనకమ్మ పాటతోనా? ఏ మడమ నుంచి తీశావు, పసుపు నీరు బాగా తేరిందా? ఒక్కోదానికీ జవాబు రాయి. ఇక్కడ ఇదే మందు, ఇదే కంపెనీ, మాకు ఎప్పుడూ తప్పు రాలేదు.

మంగ్లు అడిగినప్పుడు నువ్వు జీపు తెమ్మని ఉండాల్సింది. పలక తేటగా ఉంటే అనవసరపు సూదులు వద్దన్నానే గానీ, చల్లబడ్డ బిడ్డని ఇంట్లో పెట్టుకోమని నేనెప్పుడూ రాయలేదు.

స్వర్ణ

జోడిపుట్టు,
2-2-2000

స్వర్ణకి,

మందు గడ్డకట్టలేదు. రెండు సీసాలూ వేసి చూశాను. ఒకటి విరిగింది, ఒకటి విరగలేదు. గడియారం చూశాను.

మడమా? ఏ మడమ? బొడ్డు ఊడకముందు బిడ్డ ఒంటికి సూది తగలకూడదని నీకు మొదట్లోనే రాశాను కదా. మేము తీసింది బొడ్డుతాడు రక్తం. కనక తాడు కోసి బిడ్డని తీసుకోగానే, మావి వైపు మిగిలిన తాడులోంచి సిరంజితో తీసేదాన్ని. అదే మా ఒప్పందం. బిడ్డకి నొప్పి లేదు, కనక నియమానికి భంగం లేదు, రక్తానికి కొదవ లేదు. బిడ్డ రక్తమేగా అది కూడా. పద్నాలుగు మందికీ అలాగే తీశాను. ఎంత తొందరగా పట్టుకుంటే అంత మంచిదన్నావు. పుట్టిన నిమిషం కన్నా ముందు ఇంకేం ఉంటుంది?

నన్ను కోర్టులో నిలబెట్టినట్టు అడిగావు. అడగొచ్చులే, నువ్వు పెద్ద ఆసుపత్రిలో ఉన్నావు. ఆ బిడ్డని పాతిపెట్టింది మాత్రం నేనూ మంగ్లూ.

కృపావతి

విశాఖపట్నం,
21-2-2000

అత్తా,

ఈ ఉత్తరం నాలుగుసార్లు రాసి చించాను.

తప్పు నీది కాదు. పలకదీ కాదు. నాది.

క్రిమి ఒంట్లో పడగానే ఆ పదార్థం రక్తంలోకి రాదు. కాలేయం దాన్ని తయారుచేయడానికి పది పన్నెండు గంటలు పడుతుంది, బాగా కనపడాలంటే ఒక రోజు. పుట్టిన నిమిషంలో తీసిన రక్తం ఎప్పుడూ దాదాపు తేటగానే ఉంటుంది. బిడ్డకి క్రిమి అప్పుడే తగిలి ఉన్నా, మర్నాడు తగలబోతున్నా ఆ రక్తానికి తెలియదు. ఒక రోజు ఆగి తీయాలి, మర్నాడు మళ్ళీ తీయాలి. రెండుసార్లూ తేటగా ఉంటేనే ధైర్యం చెప్పాలి. ఈ ముక్క నేను నీకు ఒక్క ఉత్తరంలో కూడా రాయలేదు. మా వార్డుకి వచ్చే పిల్లలు బయటి నుంచి అప్పటికే జబ్బుపడి రెండో రోజో నాలుగో రోజో వస్తారు. ఎన్ని గంటలకి తీయాలి అన్న ప్రశ్నే మాకు రాదు. అందరికీ తెలిసిన సంగతి కదా అని వదిలేశాను. తొందరగా, తొందరగా అని మాత్రం రాశాను.

మడమ నుంచి కావలసినంత రక్తం ఎవరికీ రాదు. రోజూ నాలుగు చుక్కల కోసం నానా తంటాలు పడేదాన్ని నాకు తెలియదా? నువ్వు కావలసినంత అని రాసిన రోజునే అడగాల్సింది. నీ చేతి చలవ అని మురిసిపోయాను. బిడ్డ పోయాక కూడా ముందు నిన్నే అనుమానించాను.

డాక్టర్ గారికి చెప్పేశాను. నీ పద్నాలుగు మందినీ లెక్కలోంచి కొట్టేశారు. నన్నేమీ అనలేదు. నర్సమ్మ కళ్ళు కనిపెట్టినదాన్ని పలక కాదనకూడదు, ఆ మాట పెట్టె మీదే రాయాల్సింది అన్నారు.

ఒక్కటి అడుగుతాను, కోప్పడకు. ఇది గంగకి చెప్పొద్దు. ఇప్పుడు చెబితే బిడ్డ తిరిగి రాడు, నీ మీద ఉన్న నమ్మకం కూడా పోతుంది. అది పోతే తర్వాతి బిడ్డకి నిన్ను పిలవరు.

స్వర్ణ

జోడిపుట్టు,
16-4-2000

స్వర్ణకి,

చెప్పేశాను.

నువ్వు వద్దన్నావు, నీ మంచితనం కొద్దీ అన్నావో నీ ఆసుపత్రి పేరు కోసం అన్నావో నాకు తెలియలేదు. రెండు నెలలు గంగ ఇంటి ముందు నుంచి తల దించుకుని నడిచాను. ఆ పిల్ల, తన పాలు మంచివి కావేమో, అందుకే ఇద్దరూ పోయారేమో అని అందరినీ అడుగుతోందని తెలిసింది. ఇంక ఆగలేకపోయాను.

గంగ చోళ్ళు చెరుగుతోంది. కనక పక్కన ఉంది. మేము తీసిన రక్తం తీయాల్సింది కాదు, తీయాల్సిన వేళ అది కాదు, పలక తేటగా ఉన్నా నేను జీపు తెప్పించాల్సింది, నీ పాలల్లో ఏ దోషం లేదు అని చెప్పాను. గంగ చేట ఆపలేదు. ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు. కనక అంది, "బొడ్డు రగతం నువ్వడిగినావు, నానిచ్చినాను. ఇద్దరం కలిసి సేసినాం. ఇంక మా కాన్పులకి నువ్వూ వొద్దు, నీ పలకా వొద్దు."

ఏడు ఊళ్ళల్లో నాలుగింటికి కనకే మంత్రసాని. నాలుగింటిలోనూ నన్నిప్పుడు పిలవడం లేదు. మలేరియాకి వస్తారు, టీకాలకి వస్తారు, పురిటింటికి మాత్రం రానివ్వరు. నువ్వన్నదే అయింది. అయినా నాకు చెప్పకుండా ఉండే ఓపిక లేదు.

అలిసిపోయానమ్మా. కిందికి బదిలీ అడుగుతూ అర్జీ పెట్టాను.

అత్త

విశాఖపట్నం,
4-6-2001

అత్తకి,

ఏడాది దాటింది. నీకు మూడు ఉత్తరాలు రాశాను, ఒక్కదానికీ జవాబు లేదు. నీకు నా మీద కోపమని ఊరుకున్నాను. మొన్న నాన్న వచ్చి, బదిలీ వచ్చినా నువ్వు వద్దని వెనక్కి రాసిచ్చావని చెప్పాడు. ఎందుకో నాన్నకి తెలియదట. నాకూ తెలియదు.

ఆసుపత్రి పేరు కోసం నేను ఆ మాట రాయలేదత్తా. నువ్వు ఒంటరిదానివి అయిపోతావని భయపడి రాశాను. అయినా నువ్వు చేసిందే సరైనది. గంగ తన పాలనే అనుమానించుకుంటోందని చదివాక ఆ ఉత్తరం రాసిన చేతిని నరుక్కోవాలనిపించింది.

మా దగ్గర ఇప్పుడు ప్రతి బిడ్డకీ రెండుసార్లు చేస్తున్నాం, ఒక రోజు ఎడంతో. సూదులు మొదలుపెట్టిన పిల్లలకి మధ్యలో కూడా చేస్తున్నాం. పలక తేరుకుంటే మందు పనిచేస్తున్నట్టు. ఫారంలో కొత్తగా రెండు గళ్ళు గీయించాను. రక్తం ఎక్కడి నుంచి తీశారు, పుట్టిన ఎన్ని గంటలకి తీశారు. అవి నీ ఉత్తరం వల్ల వచ్చిన గళ్ళు. ఇక్కడ ఎవరికీ తెలియదు, నాకు తెలుసు.

నువ్వు వద్దన్నా ఒక పెట్టె పంపుతున్నాను. వాడకపోతే పారేయి. మూత మీద నేనే పెద్ద అక్షరాలతో రాశాను. మొదటి రోజు వద్దు. రెండుసార్లు చెయ్యాలి. బిడ్డ పాలు మానేస్తే దీని కోసం ఆగొద్దు.

జవాబు రాయకపోయినా బతికున్నానని మల్లేశు చేత ఒక ముక్క రాయించు.

నీ
స్వర్ణ

జోడిపుట్టు,
18-11-2001

స్వర్ణకి అత్త దీవెనలు.

బతికే ఉన్నాను. నీ మీద కోపం ఎప్పుడో పోయింది. రాయడానికి సిగ్గేసింది, అంతే. ఏం రాయను? ఆరు నెలల్లో పద్దెనిమిది కాన్పులైతే నాలుగింటికి పిలిచారనా? బదిలీ కాగితం చేతికొచ్చాక రెండు రోజులు గూట్లో పెట్టుకున్నాను. ఆ రెండు రోజుల్లోనే గంగకి మళ్ళీ నెల తప్పిందని విన్నాను. కాగితం వెనక్కి రాసిచ్చేశాను. పిలవరని తెలుసు. అయినా వదిలి పోలేకపోయాను.

గంగకి పోయిన నెల ఇరవై ఒకటిన ఆడపిల్ల పుట్టింది. నన్ను పిలవలేదు. పిలవకపోయినా నీ మందు సీసా ఆ వారమంతా ఐసు డబ్బాలోనే పెట్టుకున్నాను, ఐసు మారుస్తూ. పిచ్చి పని. మల్లేశు ఎవరికోసమమ్మా అంటే నాకోసమే అన్నాను.

ఇరవై మూడు పొద్దున వాకిలి ఊడుస్తుంటే కనక వచ్చింది. మూడు మైళ్ళు వానలో నడిచి వచ్చింది, ఒంటి నిండా బురద. చీర చెంగు కింద ఏదో పెట్టుకుంది. తీసి చూపిస్తే ఆ పిల్ల. బొడ్డు ఇంకా ఊడలేదు. ఆ ముసలిది తన చేతులతో తనే గడప దాటించి తెచ్చింది. వెనకాల గంగని పట్టుకుని మంగ్లు వస్తున్నాడు.

"పాలు వొదిలేత్తంది. నీ కళ్ళతో సూసి సెప్పు" అంది కనక.

చూశాను. రెండేళ్ళ కిందట చూసిందే మళ్ళీ చూశాను. పాదాలు పట్టుకుంటే చల్లగా ఉన్నాయి. జీపు తెమ్మని మంగ్లుని తరిమాను. అది వచ్చేలోపు రక్తం తీద్దామని సూది తీసి కనక మొహం చూశాను. "ఎయ్యి" అంది. తనే బిడ్డ కాలు పట్టుకుంది.  నాలుగు చుక్కలే వచ్చాయి, నువ్వు చెప్పినట్టు. నీరు తేరేసరికి జీపు వచ్చింది. పలక మీద వేసి ఊపాను. పాలలా తేటగా ఉంది.

మంగ్లు నా భుజం మీదుగా చూస్తున్నాడు. పలక ఏం చెప్పిందని ఈసారి వాడు అడగలేదు. నేనే చెప్పాను. ఇది ఇప్పుడేమీ చెప్పదు, జీపెక్కండి అన్నాను.

పాడేరులో కుర్ర డాక్టరు పలక తేటగా ఉంది కదా, ఒక పూట చూద్దామన్నాడు. నేను ఒక పూట చూసినదాన్ని బాబూ, ఇప్పుడే సూది వేయండి అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను. వేశాడు. మర్నాడు అక్కడే, అదే సీసాతో మళ్ళీ చేశాను. నిమిషం కాకముందే పలకంతా గింజలు కట్టింది.  మూడో రోజుకి పిల్ల చప్పరించడం మొదలుపెట్టింది. ఎనిమిదో రోజు పలక తేరుకుంది. పదో రోజుతో సూదులు ఆపారు. ఇన్నాళ్ళకి నీ పలక ఎందుకు పనికొస్తుందో నాకు అర్థమైంది. దాన్ని తిట్టినందుకు ఏమీ అనుకోవద్దని చెప్పు.

అన్ని రోజులూ ఆసుపత్రి వరండాలో కనకా నేనూ ఒకే దుప్పటి పరుచుకున్నాం. ఆమె నాతో చుట్ట గురించి మాట్లాడింది, వానల గురించి మాట్లాడింది. ఆ పోయిన బిడ్డ గురించి ఇద్దరం ఎత్తలేదు.  గంగ మాత్రం నేను వార్డులోకి వెళ్తే మొహం గోడవైపు తిప్పుకునేది. నాకు బాధ కలిగింది, అబద్ధం ఎందుకు. కానీ తప్పు పట్టలేదు. ఆమె క్షమించాలని నేను కోరుకునే హక్కు నాకు లేదనుకున్నాను.

ఇంటికొచ్చి పదిహేను రోజులైంది. నిన్న పిల్లని చూడ్డానికి వెళ్ళాను. గుమ్మం బయటే ఆగాను. కనక లేదు, మంగ్లు తోటకి పోయాడు. గంగ ఒక్కతే ఉంది. నన్ను చూసి లేచింది. నా మొహం వైపు చూడలేదు. వచ్చి పిల్లని నా చేతుల్లో పెట్టింది. బిందె చంకనెత్తుకుని ఊటకి నీళ్ళకి పోయింది. ఊట కొండ దిగువన ఉంది, పోయి రావడానికి అరగంట పడుతుంది. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.

అత్త
కృపావతి